ముట్టుకోకు

ఆ బ్యాడ్జీల వర్క్‌షాపులో అల్లుళ్ళిద్దరూ ఒకే గదిలో, ఒకరికొకరు వీపు పెట్టుకుని కూర్చునేవారు. చెయ్యి చాస్తే అందేంత దూరం. కానీ పెద్దల్లుడు చిన్నల్లుడితో ఒక మాట చెప్పాలంటే ఆ మాట ముందు మేడెక్కాల్సిందే. పెద్దల్లుడు మేడ మీద ఇంట్లో ఉన్న తన భార్యకి ఫోన్ చేసి చెప్పేవాడు. ఆమె పక్క గదిలో ఉన్న చెల్లెలికి చెప్పేది. చెల్లెలు మెట్లు దిగొచ్చి మొగుడి చెవిన వేసేది. జవాబు కూడా ఆ దారినే పోయేది. మాట దారిలో కాస్త బరువెక్కడం మామూలే. "తెల్ల దారం అయిపోయింది" అని బయల్దేరింది కాస్తా "తెల్ల దారం అయిపోయేదాకా గుడ్లప్పగించి చూస్తున్నాడా" అయి చేరేది.

కుట్టు మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళకి ఇదంతా వినోదం. వాళ్ళు పెద్దల్లుడికి "అప్‌డేట్" అని పేరు పెట్టారు. కొత్తది ఏది వచ్చినా, ఎందుకో ఏమిటో చూడకుండా ఫోన్‌లోకీ కంప్యూటర్‌లోకీ ఎక్కించేసే మనిషి. చిన్నల్లుడి పేరు "దుమ్ము". ఎప్పుడు చూసినా ఏదో ఒక పాత పెట్టె మూత తీసి ఉఫ్ ఉఫ్ మని ఊదుతూ ఉంటాడని.

వర్క్‌షాపు అత్తగారిది. ఆవిడ అల్లుళ్ళిద్దరినీ "అల్లుడుగారూ" అనే పిలిచేది, "మీరు" అనే అనేది. ఎంత చెడామడా తిట్టినా ఆ "గారు" మాత్రం జారనిచ్చేది కాదు.

చిన్నల్లుడు ఫిజిక్స్ చదువుకున్నాడు. పెళ్ళికి ముందు ట్యూషన్ సెంటర్లో పిల్లలకి కాంతి, కటకాలు చెప్పేవాడు. ఇక్కడికొచ్చాక, కుట్టు మిషన్లని ఆనుకునే ఉన్న డిజైన్ గదిలో కంప్యూటర్‌ని సొంతంగా, దొరికిన ముక్కలతో కూర్చాడు. అందులో గుండెకాయ ఒక పాత గ్రాఫిక్స్ కార్డు. ఎవరో దానితో గేములాడి మొహం మొత్తి పక్కన పడేస్తే తెచ్చుకున్నాడు. దాని ఫ్యాను గీపెట్టినప్పుడల్లా కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేసేవాడు. ఆ కార్డు రెండు స్క్రీన్లను నడిపేది. ఒకదాని మీద బ్యాడ్జీ బొమ్మ, రెండోదాని మీద సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో, ఏ దారం ముందో ఏది వెనకో. ఆ రెండూ పక్కపక్కన కనిపించకపోతే మిషనుకి తప్పు దారి చెబుతాం. సూది విరుగుతుంది, గుడ్డ ముడతపడుతుంది. అతని పనంతా ఆ రెండు స్క్రీన్ల మధ్య మెడ తిప్పడమే. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ అతను ఎవరి అల్లుడూ కాదు, డిజైన్ మాస్టరు.

మొదట్లో తోడల్లుళ్ళిద్దరూ బాగానే ఉండేవారు. పెద్దల్లుడు అతన్ని "తమ్ముడూ" అనేవాడు, టీ ఇద్దరికీ తనే పోసేవాడు. కంప్యూటర్ గురించి చిన్నల్లుడు చెప్పేవాడు, పెద్దల్లుడు నేర్చుకునేవాడు. నోరు తిరగని ఇంగ్లీషు మాటలకి ఇద్దరూ కలిసి సొంత పేర్లు పెట్టుకున్నారు. కంప్యూటర్ బిగుసుకుపోతే "అలిగింది", ఆపి మళ్ళీ పెడితే "నిద్ర లేపడం". అలాంటివి చాలానే ఉండేవి, ఆ గది దాటితే ఎవరికీ అర్థం కానివి.

చెడింది ఒక పక్షి వల్ల. ఒక బడి వాళ్ళ బ్యాడ్జీకి రెక్కలు విప్పిన పక్షిని ఈక ఈకకీ వేరే కుట్టుతో గీసి, సేవ్ చెయ్యకుండా చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు చిన్నల్లుడు. పెద్దల్లుడు ఏదో చూద్దామని అక్కడ కూర్చుని దాన్ని మూసేశాడు. పక్షి పోయింది. చిన్నల్లుడు అరవలేదు. ఒక కాగితం మీద "ముట్టుకోవద్దు" అని వేలెడంత అక్షరాలతో రాసి, పనివాళ్ళందరూ చూస్తుండగా స్క్రీన్ అంచుకి అంటించాడు.

"నా చెయ్యి తగిలితే కాలిపోతుందా ఏంటి?" అన్నాడు పెద్దల్లుడు.

"మీకు తెలుసుగా" అన్నాడు చిన్నల్లుడు.

అంతకుముందు దాకా "నువ్వు". ఆ పూట "మీరు" అయింది. దానికన్నా పెద్ద తిట్టు అతనికి తెలియదు. మాటలు మేడెక్కడం అప్పటినుంచే.

ఇంట్లో చిన్నల్లుడికి రెండేళ్ళ పాప. పిల్ల విషయంలో అతనికి చచ్చేంత భయం. ప్లగ్గులన్నిటికీ టేపు అంటించాడు, బల్లల మూలలకి గుడ్డలు చుట్టాడు. పాప ఎటు చెయ్యి చాపినా "ముట్టుకోకు" అనేవాడు. పిల్లకి అమ్మ, నాన్న తర్వాత వచ్చిన మాట అదే. బొమ్మకి కూడా వేలు చూపించి అదే చెప్పేది.

ఆ ఆదివారం పాపకి ఒళ్ళు కాలిపోతుంటే భార్యాభర్తలు ఆసుపత్రికి పరిగెత్తారు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని పాప ఊపిరి లెక్కపెడుతున్న సమయంలో, వర్క్‌షాపుకి ఒక సెక్యూరిటీ కంపెనీ నుంచి కొత్త డిజైన్ వచ్చింది. పాత సాఫ్ట్‌వేర్‌లో అది తెరుచుకోలేదు. "మీరు చూడండి అల్లుడుగారూ" అంది అత్తగారు పెద్దల్లుడితో. ఆయన చూశాడు. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒక్కటి మారిస్తే సరిపోయేదానికి, తన పేరు నిలబెట్టుకుంటూ మొత్తం మార్చేశాడు. స్క్రీన్ మీద బొమ్మని చూపించే సాఫ్ట్‌వేర్ కూడా అందులో మారిపోయింది.

పాపకి జ్వరం తగ్గాక చిన్నల్లుడు వచ్చి చూస్తే ఒక స్క్రీన్ నల్లగా ఉంది. రెండోదానిమీద అక్షరాలు ఇటుకల్లా ఉన్నాయి. మౌస్ కదిపితే బాణం గుర్తు కాసేపు ఆలోచించుకుని కదులుతోంది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. నా బిడ్డ ఆసుపత్రిలో ఉంటే నా మిషన్ మీద చెయ్యి వేస్తాడా, అనుకున్నాడు.

పెద్దల్లుడు అప్పటికే అత్తగారికి తేల్చి చెప్పేశాడు. కార్డు ముసలిదైపోయింది, చచ్చింది, డిజైన్లు బయట గీయించుకోవడమే మేలని. ఆవిడ చిన్నల్లుణ్ణి పిలిచింది. శుక్రవారం లోపల ఆ రెండు స్క్రీన్లూ వెలిగితే సరే అంది. లేకపోతే ఆ కుర్చీ ఖాళీ చేయించి, బ్యాడ్జీల వెనక దారాలు కత్తిరించే బల్ల దగ్గర అతనికి చోటిస్తానంది.

"మీరు బాధపడకండి అల్లుడుగారూ. అక్కడ గాలి బాగా వస్తుంది" అని కూడా అంది.

దారాల బల్ల దగ్గర నలుగురు కూర్చుంటారు. ఆ పూటే వాళ్ళు అతని కోసం ఒక స్టూల్ తుడిచి పెట్టారు. "దుమ్ముగారికి దుమ్ము పడదు కదా" అన్నాడొకడు, అతనికి వినపడేలా.

చిన్నల్లుడు పనిలో దిగాడు. కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య డ్రైవర్ అని ఒక దుబాసీ ఉంటుంది. ఈ కార్డు చేసిన కంపెనీ దానికి దుబాసీని రాయడం ఎప్పుడో మానేసింది. పాత దుబాసీ మాట కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఎక్కదు. కానీ ఇలాంటి పాత కార్డుల కోసమే ఊరూ పేరూ తెలియని వాళ్ళెవరో ఉచితంగా రాసిపెట్టిన దుబాసీ ఇంకొకటి ఉంది. అతను పాతదాన్ని ఆనవాలు లేకుండా తీసేసి ఆ కొత్తదాన్ని పెట్టాడు. స్క్రీన్ అలాగే ఇటుకలు చూపించింది. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు. కార్డుని ఊడదీసి, దాని రాగి పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఇంకో గాడిలో గుచ్చాడు. ఫ్యాను తిరుగుతోంది, నూనె వాసన వస్తోంది. చచ్చిన కార్డు లక్షణం కాదది. కానీ కంప్యూటర్ మాత్రం ఏ కార్డూ కనపడటం లేదంటోంది.

మంగళవారం అతని భార్య మెట్లు దిగొచ్చింది. మొహం ఎటో పెట్టుకుని, "బావ చెప్పమన్నాడట. దాన్ని ముట్టుకోవద్దట" అంది.

చిన్నల్లుడి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. వెనకే, వీపుకి వీపు ఆనించినంత దగ్గర్లో పెద్దల్లుడు కూర్చుని ఉన్నాడు. చెవులు లేనట్టు ఫోన్ చూసుకుంటున్నాడు.

"నా మిషన్ ముట్టుకోవడానికి నాకు ఎవడి పర్మిషనూ అక్కర్లేదని చెప్పు" అన్నాడు చిన్నల్లుడు, వెనక్కి తిరక్కుండా.

ఆ మాట మేడెక్కి దిగేసరికి ఎలా తయారైందో ఏమో, పెద్దల్లుడు ఫోన్ ఎత్తి విని, చటుక్కున లేచి కుర్చీని కాలితో తన్ని బయటికి పోయాడు. మర్నాడు మేడ మీద అక్కాచెల్లెళ్ళ మధ్య కూడా మాటలు తెగిపోయాయి. పెద్దావిడ చిన్నావిడ పిల్లని ఎత్తుకోవడం మానేసింది. చిన్నావిడ అక్క ఆరేసిన బట్టలు వానలో తడుస్తుంటే చూస్తూ నిలబడింది. అత్తగారు ఎవరినీ ఏమీ అనలేదు. శుక్రవారం ఎంత దూరంలో ఉందో మాత్రం కనిపించినప్పుడల్లా చిన్నల్లుడికి గుర్తుచేసింది.

గురువారం మధ్యాహ్నానికి అతనికి చెయ్యడానికేమీ మిగల్లేదు. కోపం కూడా అలిసిపోయింది. ఊరికే కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ పెట్టి, మొదటినుంచీ ఏం చెబుతోందో చదవసాగాడు. ఎప్పుడూ గ్రాఫిక్స్ దగ్గర నుంచే చదివేవాడు. అంతకు ముందొచ్చే మొట్టమొదటి లైన్‌ని చదివేవాడు కాదు. అది కంప్యూటర్ లేవగానే ఏం చెయ్యాలో తను రాసిపెట్టిందే, అందులో ఏముందో తనకి తెలుసు. ఆ రోజు దాన్ని కూడా చదివాడు. చివర్లో తను రాయని మాట ఒకటుంది.

నోమోడ్‌సెట్.

దాని అర్థం, కార్డు జోలికి పోవద్దని. అప్‌గ్రేడ్ తర్వాత బొమ్మే రాకపోతే, ఏదో ఒకటి కనపడటానికి తాత్కాలికంగా కొట్టే మాట అది. అది ఉన్నంతకాలం ఏ డ్రైవర్ పెట్టినా కార్డుని తాకదు. ఇన్నాళ్ళూ అతను చేసినదంతా సరిగ్గానే చేశాడు. తలుపు గడియ వేసి ఉందని మాత్రం చూసుకోలేదు. మంచిగా ఉన్న రోజుల్లో ఆ మాటని పెద్దల్లుడికి నేర్పింది తనే. నోరు తిరగడం లేదని ఇద్దరూ కలిసి దానికో పేరు కూడా పెట్టుకున్నారు. ముట్టుకోకు.

అతను ఆ మాటని చెరిపేసి కంప్యూటర్‌ని మళ్ళీ పెట్టాడు. ఎడమ స్క్రీన్ వెలిగింది. ఒక్క క్షణం తర్వాత కుడిది కూడా. ఎడమవైపు సెక్యూరిటీ కంపెనీ సింహం, కుడివైపు దాని జూలులోని ప్రతి కుట్టూ.

అతను కుర్చీ తిప్పాడు.

"ముట్టుకోకు పెట్టింది మీరేనా?"

కుట్టు మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. పెద్దల్లుడు ఫోన్ మీంచి చూపు ఎత్తలేదు. "మరి? బొమ్మే రాలేదు. అత్తయ్యగారు నెత్తిమీద నిలబడ్డారు. నువ్వు నేర్పిందే పెట్టాను."

"పెట్టినవాళ్ళు తియ్యకుండా, కార్డు చచ్చిందని చాటింపు వేశారు."

"తియ్యమని కబురు పెట్టానుగా."

"ముట్టుకోవద్దని కబురొచ్చింది."

"ముట్టుకోకు తీసెయ్యమను, అని చెప్పాను నేను. మీ ఇంట్లోవాళ్ళ చెవులకి కూడా నాదే పూచీనా?"

మెట్ల మీద నుంచి పెద్దల్లుడి భార్య అందుకుంది. "ముట్టుకోకు తీసెయ్యడమేంటి, అదేమన్నా మాటా? ముట్టుకోవద్దంటున్నాడు కాబోలని నేనే సరిచేసి చెప్పాను."

దారాల బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి, అత్తగారిని చూసి దగ్గుగా మార్చుకున్నారు. చిన్నల్లుడు నవ్వలేదు.

"తెలిసినవాళ్ళు మీరే తియ్యొచ్చుగా. పక్కనే కూర్చున్నారు, వేళ్ళు పడిపోయాయా?"

పెద్దల్లుడు అప్పుడు తల ఎత్తాడు. స్క్రీన్ అంచున ఇంకా వేలాడుతున్న కాగితం వైపు తాపీగా చెయ్యి చాపాడు.

"చదువుకున్నవాడివి. చదువు."

"ఆదివారం కనపడలేదా ఆ కాగితం?"

"ఆదివారం అత్తయ్యగారు చెయ్యమన్నారు. మంగళవారం ఎవరూ అనలేదు."

చిన్నల్లుడు కుర్చీని మళ్ళీ స్క్రీన్ల వైపు తిప్పుకున్నాడు. పెద్దల్లుడు అన్నీ తెలిసి, ఎదుటివాడు దారాల బల్ల దాకా వెళ్ళేవరకూ కాళ్ళు చాపుకుని చూద్దామనుకున్న మనిషి. రేపు ఎవరైనా అడిగితే చెప్పానుగా అనడానికి సరిపడా మాత్రం చెప్పాడు. దాన్ని తిట్టడానికి "మీరు" చాలదు, "నువ్వు" అనడానికి మనసు రాలేదు.

అత్తగారు లోపలికొచ్చింది. స్క్రీన్లు రెండూ చూసింది. "పనిచేస్తున్నాయా అల్లుడుగారూ?"

"చేస్తున్నాయి."

"అయితే మీ కుర్చీ మీదే. సింహం సాయంత్రానికి కావాలి." ఆవిడ కాగితాన్ని పీకి, నలిపి, పెద్దల్లుడి ఒళ్ళో పడేసింది. "మీరు తెలివైనవారు అల్లుడుగారూ. ఆ తెలివి నా వర్క్‌షాపు బయట పెట్టుకోండి. ఇకనుంచి మిషన్ సంగతులు మీ నోళ్ళతో మీరే ఏడవండి. నా కూతుళ్ళు మీ టెలిఫోన్ తీగలు కారు."

ఆవిడ మాట కాదనే ధైర్యం ఇద్దరికీ లేదు. మర్నాటి నుంచి కబుర్లు మేడెక్కడం ఆగింది. పెద్దల్లుడు తన ఎదురుగా ఉన్న గోడని చూస్తూ, "నీలం దారం తెగింది, ఈ గోడకి తెలుసో లేదో" అనేవాడు. చిన్నల్లుడు రెండు స్క్రీన్ల మధ్య మెడ తిప్పుతూ, కార్డు ఫ్యానుకి చెబుతున్నట్టుగా, "కళ్ళున్నవాళ్ళకి అప్పుడే తెలిసింది, ఆపేశాం కూడా" అనేవాడు.

మాట మాత్రం ఇప్పుడు తప్పు పోయేది కాదు. తిట్టు కూడా పొల్లు పోకుండా చేరేది.