కరుణ ఆంటీ అడగని పేరు

మొన్న కారు సర్వీసింగుకిచ్చి అక్కడే కూర్చుని ఉంటే, ఎవరిదో గ్రేట్ డేన్ కుక్క తిన్నగా వచ్చి తల నా ఒళ్ళో పెట్టేసింది. ఆ బరువు, జీన్స్ లోంచి తొడకి తగులుతున్న వెచ్చటి చొంగ తడి. యజమాని పరుగున వచ్చి సారీ చెబుతున్నాడు గానీ నాకేమీ వినిపించలేదు. టెక్సస్‌లో, ప్లేనోలో కూర్చున్నదాన్ని ఒక్క క్షణంలో మిషిగన్‌లో, నోవైలో కరుణ ఆంటీ సోఫా మీదికి వెళ్ళిపోయాను.

ఉద్యోగానికి నోవై వెళ్ళిన కొత్తలో ఆంటీ ఇంట్లో మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. ఆవిడది నరసాపురం, ఆసుపత్రిలో నర్సు. అంకుల్ పోయాక ఆ ఇంట్లో ఆవిడా, సంసోనూ మిగిలారు. సంసోను దూడంత గ్రేట్ డేన్. కుక్కంటే ఆమడ దూరం పారిపోయే నేను మొదటి వారమంతా మెట్ల మీద నుంచే మాట్లాడాను. “వాడేం చెయ్యడే తల్లీ, ఒరుగుతాడంతే. కాళ్ళు గట్టిగా ఆనించి నిలబడు,” అనేది ఆంటీ. నిజంగానే ఇష్టమైనవాళ్ళ మీదికి ఒళ్ళంతా వాల్చేసేవాడు. ఏమరుపాటుగా ఉంటే గోడకి అతుక్కుపోవడమే.

అంత పెద్ద ప్రాణిని పెంచడం మాటలు కాదు. తల విదిలిస్తే చొంగ గోడల మీదికి ఎగిరేది కాబట్టి గదికో తువ్వాలు. మిషిగన్ చలికి వాడి పొట్టి వెంట్రుకలు చాలవని పాత చీరలతో బొంతలాంటి కోటు కుట్టింది. తిండి మాత్రం కొలిచి, కొంచెం కొంచెంగా పెట్టేది. తిన్నాక గంటసేపు పరుగులు బంద్. చర్చివాళ్ళు వచ్చినప్పుడల్లా, “ఏంటి సిస్టర్, పక్కటెముకలు కనబడుతున్నాయి, తిండి పెట్టట్లేదా?” అని ఒకటే గోల. “బరువెక్కితే వాడి కాళ్ళు మొయ్యవండీ,” అని ఆంటీ ఓపిగ్గా చెప్పేది. మనవాళ్ళకి అది ఎక్కదు. మనిషైనా కుక్కైనా, వద్దన్నకొద్దీ వడ్డించడమే మనకి తెలిసిన ప్రేమ.

ఒక వేసవి ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాలు ఆంటీ ఇంట్లో పెట్టుకున్నారు. ప్రార్థన ముగియగానే, “వాడికి మాత్రం ఎవరూ ఏమీ పెట్టకండమ్మా,” అని ఆంటీ అందరికీ చెప్పింది. అందరూ తలూపారు. కాసేపటికి నేను పైన గదిలోంచి కుర్చీలు తెస్తూ కిటికీలోంచి చూశాను. ఇంటి పక్కగా ఒక పెద్దావిడ పళ్ళెం నిండా బిర్యానీ పెట్టి, “తిను నాన్నా, తిను,” అంటూ వాడి వీపు నిమురుతోంది. నేను కిందికి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. వాడు అప్పటికే పిల్లలతో బంతి వెనక పరుగెడుతున్నాడు.

కొంతసేపటికి పరుగు ఆపి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. వాంతికి గుంజుకుంటున్నాడు గానీ ఏమీ రావడం లేదు. ఆంటీ వాడి పొట్ట మీద చెయ్యి వేసింది, అది డప్పులా బిగిసి ఉంది. “కడుపు మెలిపడింది, దుప్పటి తెండి!” అని అరిచింది. ఇస్త్రీ చొక్కాల్లో ఉన్న నలుగురు బ్రదర్స్ దుప్పట్లో వాణ్ణి మోసి వ్యాన్ ఎక్కించారు. పశువుల డాక్టరు ఆపరేషన్ చేశారు కానీ వాడి గుండె తట్టుకోలేదు. తిని పరుగెత్తడం వల్ల కావచ్చు, పెద్ద జాతుల్లో ఊరికే కూడా వస్తుంది, ఇదే కారణమని చెప్పలేం, అన్నారాయన. ఆంటీ వాడి చెవులు సర్దుతూ చాలాసేపు అక్కడే కూర్చుంది.

తిరిగి వస్తుంటే నాకు కోపం ఆగలేదు. “ఆంటీ, ఎవరు పెట్టిన్రో నేను చూసిన. చెప్త.”

“చెప్పకే తల్లీ.”

“మీరు అంతగనం చెప్పినా వినలేదు ఆంటీ!”

ఆంటీ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. “తెలిస్తే వచ్చే ఆదివారం వాళ్ళ పక్కన కూచుని బల్ల తీసుకోలేనే. వాడెలాగూ రాడు. ఉన్న మనిషిని కూడా ఎందుకు పోగొట్టుకోవడం?” బల్ల అంటే ప్రభువు బల్ల, చర్చిలో అందరూ కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షారసం. ఎవరి మీదైనా మనసులో కోపం పెట్టుకుని దాన్ని ముట్టకూడదని ఆంటీ నమ్మకం. అప్పుడది నాకు చేతకానితనంలా కనిపించింది.

మరుసటి ఆదివారం ఆ పెద్దావిడ చివరి వరసలో తల దించుకుని కూర్చుంది. బల్ల దగ్గరికి లేవలేదు. ఆంటీ అది చూసి వెనక్కి వెళ్ళింది. “నేను రాలేను కరుణా,” అంటూ ఆవిడ ఏడ్చేసింది. ఎందుకని ఆంటీ అడగలేదు. “లేవండి అక్కా, కలిసి వెళ్దాం,” అని చెయ్యి పట్టుకుని నడిపించింది.

పెట్టింది ఆవిడేనని ఆంటీకి అప్పుడు అర్థమైందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. నాకు మాత్రం ఆవిడంత నిబ్బరం ఇంకా రాలేదు. ఆఫీసులో ఏదైనా చెడిపోతే ‘ఎవరు చేశారు?’ అన్నదే ముందు నోట్లోకి వస్తుంది. దాన్ని మింగడం కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నాను. ఆ పెద్దావిడ పేరు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా రాయను.