జపాను కత్తి, మా పక్కింటి అత్త

1958 ఆగస్టు 9, శనివారం. పొద్దున్నే నంద్యాలలో నాకు అనుకోని సంతోషం కలిగింది. మా పక్కింటి అత్త కత్తి మీది అక్షరాలను ఒకాయన చదివి చెప్పాడు. ఆ కబురుతో మధ్యాహ్నం ఆళ్లగడ్డలో బస్సు దిగితే, అత్త నిన్న రాత్రి పోయిందని మా నాయన చెప్పాడు. అప్పటికే మట్టి చేసి వచ్చారు.

ఆమె మీకెవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఆమె భర్త యుద్ధంలో లారీ నడపడానికి బర్మా వెళ్లి తిరిగి రాలేదు. ఆయన సంచిలో దొరికిందని తోటి డ్రైవరు ఒక మడత కత్తి తెచ్చి ఇచ్చాడు. ఇత్తడి రేకు పిడి, దాని మీద నాలుగు జపాను అక్షరాలు. అత్త ప్రతి శుక్రవారం దానికి ఆముదం రాసేది గానీ, దానితో నిమ్మకాయ కూడా కోసేది కాదు. ఆ ఆముదమేదో తలకు పెట్టుకోరాదా అని మా అమ్మ ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేది.

నంద్యాల హాస్టలు నుంచి వచ్చినప్పుడల్లా కొత్తగా నేర్చిన మాటలు ఆమెకే చెప్పేవాణ్ని. 'నిరీక్షణ' అంటే ఎదురుచూడటమని చెబితే, ఎదురుచూసేవాళ్లకు అంత బరువైన మాట ఎందుకప్పా అంది.

ఒకనాడు కత్తి నా ముందు పెట్టింది.

"ఇన్ని అచ్చరాలు నేర్చినావే, ఈ నాలుగు రావా అబ్బీ?"

"అవి జపానోళ్లవి అత్తా."

"ఎవురివైతే ఏంది. దీంతో ఆయన ఎవురినన్నా చంపినాడో, ఆయన్నే దీంతో చంపినారో. కండ్లు మూస్తే అదే కనపడతాంది."

కత్తిని ఇల్లు దాటనివ్వలేదు. పిడి మీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను. నంద్యాలలో చాలామందికి చూపించాను. చివరికి, జపానులో కొన్నేళ్లు ఉండి వచ్చిన ఒక పాదిరి దొర దాన్ని చూసి నవ్వాడు. మూడక్షరాలు ఆ రకం కత్తి పేరట, నాలుగోది కమ్మరి గుర్తట. మికి అనే ఊళ్లో చేస్తారట. పటాలం కత్తి కాదు, అక్కడి బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకునేది అన్నాడు.

ఈ సంగతి ఆమెకు ఎలా మొదలుపెట్టి చెప్పాలో బస్సులో దారి పొడుగునా అల్లుకున్నాను. విన్నాక ఆమె ముఖం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను.

సాయంత్రం ఆమె తమ్ముడు, గడివేముల నుంచి వచ్చినాయన, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కత్తి ఆయన ఒళ్లో ఉంది.

"మా అక్కను తినేసింది ఇదే. పొద్దున్నే వక్కిలేటి నీళ్లల్లో ఇసిరేస్తా."

ఆయన ఏడుస్తున్నాడు. అచ్చు కాగితం జేబులోనే ఉంచుకుని ఇంటికి వచ్చేశాను.

రేపు తెల్లవారకముందే వెళ్లి ఆ అరుగు మీద కూర్చుంటాను. ఆయన తలుపు తీయగానే కత్తి అడిగి తీసుకుని, ఆయన చూస్తుండగా ఒక పెన్సిలు చెక్కుతాను. మాటలు తర్వాత.