అడగక్కర్లేని అప్పు

నిన్న మధ్యాహ్నం ఫోను మోగితే తీశాను. బ్యాంకు నుంచి ఒక అమ్మాయి మా తమ్ముడి పేరు చెప్పి, ఆయన ఉన్నారా అని అడిగింది. పోయిన వానాకాలంలో గుండె ఆగి చనిపోయాడని చెప్పాను. అయితే కార్డు బాకీ సంగతి ఇక ఎవరితో మాట్లాడాలండీ అంది. నాకు తెలియదన్నాను, నిజంగానే తెలియదు.

మా చిన్నతనం రాచర్ల పక్కన ఒక పల్లెలో గడిచింది. వానలు పడని ఏడు అమ్మ మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ఎదురింటి పెద్దమ్మ దగ్గరికి జొన్నలు బదులుకు వెళ్ళేది. వచ్చిన పని మాత్రం చెప్పేది కాదు. అరుగు మీద కూర్చుని ఈనిన మేకల గురించీ, అడుగంటిన బావి గురించీ మాట్లాడుతుంటే, పెద్దమ్మ చింతపండులో గింజలు తీస్తూ అంతా విని, చివరికి తనే, "ఏందే, జొన్నలు అయిపోయినాయా?" అనేది. అడిగించుకోకుండా ఇవ్వడం మా వైపు మర్యాద. తన గాదె కూడా ఖాళీ అయిన రోజున లేవని చెప్పేసేది, అమ్మ నొచ్చుకోకుండా లేచి వచ్చేది. పంట చేతికొచ్చాక మానిక మీద పోగు నిలిచేలా కొలిచి ఇస్తే ఆ బాకీ తీరిపోయేది.

తమ్ముడికి ఆ కూర్చోవడం గిట్టేది కాదు. ఇంటికి రాగానే, ఆ జొన్నలతో వండిన సంగటి ముట్టనని మొండికేసేవాడు.

పెద్దయ్యాక మార్కాపురంలో పలకల కార్ఖానాలో గుమాస్తాగా చేరాడు. అక్కడికే బ్యాంకు వాళ్ళెవరో వచ్చి క్రెడిట్ కార్డుకు సంతకాలు పెట్టించుకున్నారట. కార్డు చేతికొచ్చాక దాన్ని నాకు చూపించడానికి నేనుండే గిద్దలూరు వచ్చి, "ఇంక ఎవురి అరుగు మీదా కూర్చునే పన్లేదక్కా" అన్నాడు. వాడి ముఖం అంత తేలికగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఫ్రిజ్జు కొన్నాడు, కూతురి ఫీజు కట్టాడు, భార్య ఆపరేషనుకు కార్డు గీకాడు. ఏదీ దుబారా అనలేను. నెలనెలా బిల్లులో కనీసం ఇంత కట్టమన్నంత కడుతూ, అమ్మ కొలిచిన జొన్నల లాగే బాకీ తరుగుతోందనుకున్నాడు. అది వడ్డీకే చాలడం లేదని తెలిశాక, ఇంకో కార్డు తీసుకుని మొదటిదానికి కట్టాడు.

ఒక ఆదివారం వచ్చి, వానల గురించీ, గొర్రెల ధరల గురించీ మాట్లాడుతూ పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. వాడి చేత అడిగించకూడదని నేనే, "ఎంత కావాల్రా?" అన్నాను.

"నువ్వు ఇచ్చేంత కాదులే అక్కా."

గాజులు తీసిచ్చాను. అవి వడ్డీ కిందే పోయాయి. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు.

అమ్మ చేసిన అప్పు ఏనాడూ ఎదురింటి గాదె కన్నా పెద్దది కాలేదు. లేవని చెప్పే మనిషి ఒకరు ఎదురుగా ఉండేవారు. తమ్ముడికి మాత్రం లేవని ఎవరూ చెప్పలేదు.