ముప్పైమూడో నంబరు బెర్తు

"మా నరసాపురం రైల్లో టికెట్టు చూసే మనిషే ఉండట్లేదండి ఎడిటర్ గారూ. నేను చెప్తే నమ్మరు. ఓసారి మీరే వచ్చి ఎక్కి చూడండి" అని రాజోలు నుంచి సలోమి టీచరుగారు ఫోన్ చేశారు. నేను ఏనాడూ ఎడిటర్ని కాను. ఓ దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేసి, నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. అప్పట్లో పాఠకుల ఉత్తరాల శీర్షిక నేను చూసేవాణ్ణి. హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నంతకాలం ఆవిడ నెలకో ఉత్తరం రాసేవారు. కాలవ గట్టు తెగిందనీ, బస్సు ఆపట్లేదనీ. ఉత్తరాల్లో కొట్టేయడానికి ఒక్క మాట దొరికేది కాదు. ఉద్యోగాలు పోయాక మాకిద్దరికీ మిగిలిన పరిచయం అది.

ఊరికే కూర్చున్నవాణ్ణి, బయల్దేరాను. సికింద్రాబాద్‌లో సోమవారం సాయంత్రం ఎక్కితే మంగళవారం పొద్దున ఏడింటికి నరసాపురంలో దిగాను. దారి పొడుగునా టికెట్టు చొక్కా జేబులో సిద్ధంగా పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. స్టేషన్ బయటికి వచ్చే దారిలో కూడా ఎవరూ లేరు. టికెట్టు కొన్నవాడికి ఇందులో నష్టం ఏమీ లేదు. అయినా ఏదో మర్చిపోయి దిగినట్టు, రెండుసార్లు వెనక్కి చూసుకున్నాను.

స్టేషన్ నుంచి రేవుకి ఆటో. అక్కణ్ణుంచి పంటు మీద గోదావరి దాటితే సఖినేటిపల్లి. మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, ఓ కారు, మనుషులు అందరూ దాని మీదే. సఖినేటిపల్లి నుంచి మలికిపురం మీదుగా రాజోలుకి బస్సు ముక్కాలు గంట. పదిన్నరకి టీచరుగారి వీధి అరుగు మీద ఉన్నాను.

కాఫీ ఇచ్చి, ముందు వెనకా లేకుండా అసలు విషయంలోకి వచ్చారు. "వరలక్ష్మని నా దగ్గర చదువుకున్న పిల్లండి. దాని మొగుడు నాగేశు కొబ్బరి దింపు తీస్తాడు. చెట్టు మీంచి పడ్డాడు. హైదరాబాదులో నడుముకి ఆపరేషన్ చేసేరు. గంటకి మించి కూర్చోకూడదన్నారు. కిందటి నెల చెకప్పుకెళ్తే ఆర్ఏసీ వచ్చింది. ఒక సీట్లో ఇద్దరూ తొమ్మిది గంటలు కూర్చునే వెళ్లేరు. ఖాళీ బెర్తు ఏదో టీసీ వస్తే కదండీ తెలిసేది? టికెట్టు లేనివాళ్లు పడుకుని నిద్రపోయేరు, వీడు కూర్చున్నాడు. డాక్టరు గారు చూసి మండిపడ్డారట. ఇంకోసారి ఇలా చేస్తే వేసిన రాడ్లు కదులుతాయి, మళ్లీ కోయాలి అన్నారట."

"కారులో వెళ్లలేరా?"

"కారు కుదుపులు అసలు పనికిరావన్నారండి. గురువారం పగటి బండికి మళ్లీ వెళ్తున్నారు. ఈసారీ ఆర్ఏసీయే. నేనూ అదే బండికి విజయవాడ వెళ్తున్నాను, మా చెల్లెలింట్లో ప్రార్థన ఉంది. మీరూ రండి. చూసి, రాయండి."

గురువారమే వస్తానని మాటిచ్చి, సాయంత్రం తాటిపాక, బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం చేరాను. బస్టాండు పక్క లాడ్జిలో గది దొరికింది. ఫ్యాను బాగా తిరుగుతుంది, తలుపు గడియ కొంచెం తొయ్యాలి.

బుధవారం పొద్దున రిజర్వేషన్ కౌంటరుకి వెళ్లాను. రైలు రాని ఊళ్లో రైలు టికెట్లు అమ్మే కౌంటరు ఇది. కోనసీమకి పట్టాలు వస్తాయని ఎప్పటినుంచో చెబుతున్నారు, కౌంటరు మాత్రం ముందే వచ్చింది. వెనక నుంచి జనం తోస్తుండగా గోడకి ఫారం ఆనించి నింపాను. గుమాస్తా చూసి, "కింది బెర్తే వచ్చిందండి, ముప్పైమూడు" అన్నాడు. టీచరుగారేమో వాళ్లకి ఆర్ఏసీయే వచ్చిందన్నారు. నా అదృష్టాన్ని నేనే మెచ్చుకున్నాను.

మధ్యలో ఓ పూట ఉంది కదా అని కొత్తపేట బస్సెక్కాను. బండారులంకలో మగ్గాల చప్పుడు బస్సులోకి వినిపించింది. అంబాజీపేటలో దిగి పొట్టిక్కలు తిని, వెనక బస్సు పట్టుకున్నాను. పనస ఆకు వాసన పట్టిన ఆ ఇడ్లీల కోసమైనా దిగండి. ఆ రెండో బస్సు కండక్టరు మాత్రం ఒక్కర్నీ వదల్లేదు. ఆడవాళ్లకి ఉచితమే అయినా ఆధార్ కార్డు చూసి, సున్నా రూపాయల టికెట్టు చింపి చేతిలో పెట్టాడు.

"డబ్బు లేనప్పుడు టికెట్టెందుకు నాయనా?" అంది ఓ పెద్దావిడ.

"మీరెక్కినట్టు తెలియాలి కదండీ మామ్మగారూ!"

ఆ మాట నాకు నచ్చింది. కొత్తపేట సెంటర్లో కొబ్బరి బొండం తాగుతూ కూడా దాన్నే తలచుకున్నాను.

గురువారం ఐదున్నర బస్సుకి అమలాపురం వదిలి, రాజోలులో టీచరుగారిని కలుపుకుని, ఎనిమిదింటికి పంటు ఎక్కాను. నాగేశునీ వరలక్ష్మినీ అక్కడే చూశాను. నలభై ఏళ్లు ఉంటాయి అతనికి. చెట్లెక్కే చేతులు, చొక్కా కింద నడుముకి బెల్టు. పంటు మీద బల్ల ఖాళీగా ఉన్నా రెయిలింగు పట్టుకుని నిలబడే ఉన్నాడు. వరలక్ష్మి చంకలో చుట్టిన చాప, చేతిలో క్యారియర్.

"కూర్చోవచ్చుగా" అన్నాను.

"ఆయ్, బండిలో ఎలాగూ కూర్చోవాలి కదండీ. ఇక్కడ మిగుల్చుకుంటన్నాను" అని నవ్వాడు.

తొమ్మిది నలభైకి బండి కదిలింది. మా అదృష్టం కొద్దీ అందరం ఒకే గదిలో పడ్డాం. నాది కింది బెర్తు. టీచరుగారిది దాని పైన మధ్య బెర్తు, పగలు కాబట్టి నా పక్కనే కూర్చున్నారు. ఎదుటి కింది బెర్తు మీద మోకాళ్లకి పట్టీలు కట్టుకున్న ముసలి దంపతులు. దారి పక్క కింది సీట్లో, ఒకే బెర్తుకి చెరో చివర, నాగేశూ వరలక్ష్మీ.

పాలకొల్లు దాటింది. భీమవరంలో ఓ లావుపాటి మనిషి ఎక్కి, ఎవర్నీ అడక్కుండా పై బెర్తు మీదకి పాకి కళ్లు మూసుకున్నాడు. పదకొండు కావస్తోంది. నాగేశు లేచి నిలబడతాడు, వచ్చేపోయేవాళ్లు తోస్తే కూర్చుంటాడు, పెదవి కరుచుకుని మళ్లీ లేస్తాడు. వరలక్ష్మి ఫోన్లో గంట చూసుకుంటోంది.

"ఇలా వచ్చి నా బెర్తు మీద కాసేపు నడుం వాల్చండి" అన్నాను.

"వద్దండీ, పెద్దవారు. మీ సీటు మీది. టీసీ గారొచ్చి ఫలానా చోట పడుకోమంటే పడుకుంటాను" అన్నాడు.

నేను రెండోసారి అడగలేదు. కోనసీమలో ఏదైనా మూడుసార్లు అడిగితేగానీ ఒప్పుకోరని నాకు తెలుసు. నా మోకాళ్లూ బాగాలేవు. దానికి బదులు టీసీని వెతుక్కొస్తానని లేచాను. అది పెద్ద సాయంలా అనిపించింది నాకు.

నాలుగు పెట్టెలు తిరిగాను. మొదటి పెట్టెలో, "ఏసీలో ఉంటారండి" అన్నారు. ఏసీ అటెండరు, "ఇప్పుడే వెనక్కెళ్లారు" అన్నాడు. వెనక పెట్టెలో వేరుశనక్కాయలమ్మే మనిషి, "నేనీ మధ్య చూళ్లేదు సార్, ఉంటే నన్ను దించేసేవాడు కదా" అన్నాడు. దారిలో ఏ బెర్తు మీద ఎవరు పడుకున్నారో, ఎవరిది ఎవరికుందో చెప్పగలిగే మనిషి ఆ బండిలో లేడు. తిరిగొచ్చేసరికి గుడివాడ. నాగేశు నుదుటి మీద చెమట. వరలక్ష్మి అతని వీపుకి చాప చుట్ట ఆనించి చేత్తో పట్టుకుంది.

సలోమి టీచరుగారు కళ్లజోడు తుడుచుకుని లేచి నిలబడ్డారు. "టీసీ రాకపోతే హాజరు నేను వేస్తాను. అందరూ టికెట్లు తియ్యండి."

ముసలి దంపతులు వెంటనే ఇచ్చారు. సరిగ్గానే ఉన్నాయి. టీచరుగారు పై బెర్తుని చేతి గొడుగుతో తట్టారు. "మీదండీ?"

లావుపాటి మనిషి ఒక కన్ను తెరిచాడు. "తమరు టీసీయా అండీ?"

"కాదు. హెడ్‌మిస్ట్రెస్‌ని."

ఆయన ఆ కన్నుతోనే ఓసారి చూసి, జేబులోంచి టికెట్టు తీసి కిందికి చాచాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయట. జనరల్ టికెట్టు. "జనరల్లో కాలు పెట్టే చోటు లేదండీ. దిగమంటే దిగుతాను."

"దిగండి. కానీ పైది నాగేశుకి పనికిరాదు. ఎక్కలేడు" అన్నారు టీచరుగారు.

"చెట్లెక్కినోణ్ణి, బెర్తెక్కలేకపోతన్నాను చూడండి" అన్నాడు నాగేశు. ఎవరమూ నవ్వలేదు.

"ఇంక మీదే ఎడిటర్ గారూ."

"నాదెందుకండీ?" అంటూనే ఇచ్చాను. ఇన్నాళ్లకి ఒకరు అడిగారని కొంచెం సంతోషంగానే ఇచ్చాను. ఆవిడ దాన్ని దూరంగా పెట్టి చూశారు. దగ్గరగా పెట్టి చూశారు.

"ఇవాళ ఎంతండీ?"

"పదహారు."

"దీని మీద పదిహేడుంది."

తీసుకుని చూశాను. పదిహేడే. రేపటి బండి, రేపటి ముప్పైమూడో నంబరు.

ఎలా జరిగిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. పత్రిక డెస్కులో కూర్చునేవాడు ఇవాళ పనిచేస్తూ పేజీ పైన రేపటి తారీఖు వేస్తాడు. పాఠకుడికి చేరేది రేపు కాబట్టి, మాకు బుధవారం అంటే గురువారమే. ముప్పై ఏళ్లు అలా వేసిన చెయ్యి ఇంకా అలాగే వేస్తోంది. అమలాపురంలో బుధవారం నిలబడి, అది గురువారమనుకుని, దాని మర్నాటికి టికెట్టు తీసుకున్నాను.

కిందికి దిగిన రొయ్యల చెరువాయన వంగి చూశాడు. "నాది జనరలైతే అయింది గానండీ, ఇవాళ్టిదే!"

టీచరుగారు నవ్వలేదు. "అంటే ఈ ముప్పైమూడు అసలు మనిషి రాలేదన్నమాట. బండి ఎక్కినప్పట్నుంచీ మనం వెతుకుతున్న ఖాళీ ఇదే. లేవండి."

లేచాను. ఆవిడా లేచారు. వరలక్ష్మి చాప విప్పి పరిచింది. నాగేశు ఇంకా మొహమాటపడుతూ నన్ను చూశాడు.

"ఇది నాది కాదు నాగేశూ. నువ్వొద్దనడానికి ఇంక వీల్లేదు" అన్నాను.

చెయ్యి ఆనించి, నడుము కదలకుండా, చెట్టు దిగినంత జాగ్రత్తగా అతను పక్కకి ఒరిగాడు. కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. ఈ మాట ఇంకో రెండుసార్లు అడిగి ఉంటే భీమవరంలోనే పడుకునేవాడు. ఆ రెండుసార్లకి బదులు నేను నాలుగు పెట్టెలు తిరిగాను.

విజయవాడలో ఒంటిగంటా పదికి టీచరుగారు దిగారు. ఆవిడతోపాటే దిగి ప్లాట్‌ఫాం మీద వెతికితే, ఏసీ పెట్టె దగ్గర నల్లకోటు కనబడింది. చుట్టూ పదిమంది. సందు చేసుకుని వెళ్లి చెప్పాను. "అయ్యా, నా టికెట్టు రేపటిది. ఈవేళ ఎక్కేశాను. జరిమానా రాయండి. ముప్పైమూడో బెర్తు ఆర్ఏసీ పేషెంటుకి రాయండి."

ఆయన మిషన్‌లోంచి తలెత్తలేదు. "వెళ్లి కూర్చోండి పెద్దాయనా, వస్తాను."

పెట్టెలోకి వచ్చి, నాగేశు వదిలిన సగం సీట్లో కూర్చున్నాను. రెండో సగంలో వరలక్ష్మి. గుంటూరు వచ్చింది. తలుపు చప్పుడైతే చాలు, జేబు మీదకి చెయ్యి పోయేది. పొద్దున్నంతా టీసీ రాలేదని కోపం. ఇప్పుడు వస్తాడేమోనని బెరుకు, వస్తే బాగుండునని కూడా. వచ్చి, నాగేశుని లేపి, ఆర్ఏసీ వరసలో ఈ బెర్తు మరొకరిది అంటే? మిర్యాలగూడలో లేచి తలుపు దాకా వెళ్లొచ్చాను. నల్గొండలో మళ్లీ వెళ్లొచ్చాను. వరలక్ష్మి క్యారియర్ విప్పి పులిహోర పెట్టింది.

"కూర్చోండి బాబాయిగారూ. మీరిలా తిరిగితే మాకూ కంగారుగా ఉందండి" అంది. నాగేశు నిద్రపోతున్నాడు.

టీసీ రాలేదు. ఆరూ నలభైకి సికింద్రాబాద్‌లో దిగాం. నాగేశు మెల్లగా, కానీ నిటారుగా నడిచాడు. ఆటో దాకా వెళ్లాను.

"ఉంటానండీ. మీ టికెట్టు రేపు పనికొస్తుంది కదండీ, పారేయకండి" అని నవ్వింది వరలక్ష్మి.

ఆటో వెళ్లాక ఆ మాట పట్టుకుంది నన్ను. రేపు ఇదే బండిలో ముప్పైమూడు నా పేరున ఖాళీగా ఉంటుంది. దారి పక్క సీట్లో ఎవరో ఇద్దరు, చెప్పేవాడి కోసం చూస్తూ కూర్చుంటారు. తిరిగి లోపలికి వెళ్లి, రిజర్వేషన్ కౌంటరు మూసే లోపు వరసలో నిలబడి ఆ టికెట్టు రద్దు చేయించాను. ఈ ప్రయాణంలో రైల్వే వాళ్లు నా టికెట్టుని చూసి తీసుకున్నది అక్కడొక్కచోటే. అద్దం కింది సందులోంచి లాక్కుని, పేరు చదివి, నా మొహం చూశారు కూడా.

కోనసీమకి వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: పంటు టైముకి నడుస్తుంది, బస్సులు దండిగా ఉన్నాయి, మనుషులు మీకు నొప్పి కలిగే మాట అడగరు. అడగకపోవడం వాళ్ల మర్యాద. రైల్వే వాళ్లకి ఆ మర్యాద ఎందుకు అబ్బిందో నాకు తెలియదు.

మెట్లు దిగుతూ టీచరుగారికి ఫోన్ చేసి, నాగేశు పడుకునే వచ్చాడని, రేపటి బెర్తు వదిలేశానని చెప్పాను.

"మంచి పని చేసేరు. మరి ఈవేళ్టి టికెట్టో?" అన్నారు.

"టీసీ రాలేదండి. రేపు పొద్దున్నే స్టేషన్‌కి వచ్చి, ఎక్కడ కట్టాలో కనుక్కుని కట్టేస్తాను."

"రేపంటే ఎప్పుడండీ?" అన్నారావిడ. "పదిహేడా, పద్దెనిమిదా?"