పదమూడో వరసలో నిండిన గడి

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని వందల కూడికలు చేశాను. వాటిలో ఒక్కటి కూడా తప్పు పోలేదు. గొప్ప చెప్పుకుంటున్నాననుకునేరు, కాదు. ఎక్కడో ఒకచోట లెక్క తప్పినా బాగుండేది, అప్పుడు నేనే భయపడి కాగితం చింపేసేదాన్ని. నా ఖర్మ కొద్దీ అన్నీ సరిగ్గానే వచ్చాయి.

మాది గద్వాల. మా వీధిలో ప్రతి ఒక్కరి చేతికీ మగ్గం పని ఉండేది, ఒక్క పక్కింటి అక్క చేతికి తప్ప. ఆమెకు చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. గుంట మగ్గంలో కూర్చుని తొక్కే పని ఆమెతో కాదు. అందుకని వాళ్ల అన్న నేసేవాడు, ఆమె అరుగు మీద కూర్చుని గళ్ల కాగితం మీద చీర అంచులకు నక్షాలు గీసేది. ఎవరికీ ఇవ్వడానికి కాదు, ఊరికే. నాకు అప్పుడు పదేళ్లు. బడి వదలగానే సంచి ఇంట్లో పడేసి ఆమె దగ్గరికే పరుగు.

ఒకరోజు అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి నాకు ఒక ఆట నేర్పింది. పై వరస నిండా ఒకట్లు వేసింది. ఎడమ పక్క నిలువునా ఒకట్లే వేసింది. ఇక మిగిలిన ఏ గడిలోనైనా, దాని పైన ఉన్నదీ ఎడమన ఉన్నదీ కూడితే ఎంతో, అంత వెయ్యాలి. అంతే. రెండో వరసలో ఒకటి, రెండు, మూడు, నాలుగు వచ్చాయి. మూడో వరసలో ఒకటి, మూడు, ఆరు, పది. నాలుగో దానిలో ఒకటి, నాలుగు, పది, ఇరవై. అడ్డంగా చదివినా నిలువుగా చదివినా అవే అంకెలు! నేను చప్పట్లు కొట్టాను. అప్పుడామె బేసి అంకె ఉన్న గళ్లన్నీ సుద్దతో నింపి, సరి అంకెవి వదిలేసింది. అరుగు మీద మెట్లు మెట్లుగా కోటకొమ్మలు లేచాయి. పెద్ద కొమ్మలో చిన్న కొమ్మలు, వాటిలో ఇంకా చిన్నవి. ఎవరూ గీయలేదు, కూడికే గీసింది.

వరసలు పెరిగే కొద్దీ అంకెలు భయంకరంగా పెరిగేవి. "గంత పెద్ద అంకెలు నీకెందుకే, పరేషాన్ గాకు. పైది, ఎడమది, రెండిట్ల ఒకటి నిండి ఒకటి ఖాళీ ఉంటే నింపు. రెండూ ఒక్క తీరుగుంటే ఖాళీ ఇడ్సిపెట్టు" అని సులువు చెప్పింది. ఆ తరవాత నాకు అన్నం నీళ్లు కూడా పట్టలేదు, ఎక్కడ గళ్లు కనిపిస్తే అక్కడ అదే ఆట.

ఆ ఏడు మా వీధిలో చాలామంది షోలాపూర్ దారి పట్టారు, అక్కడ కరెంటు మగ్గాల మీద పని దొరుకుతుందని. పక్కింటి అన్న కూడా మూటలు కట్టడానికి సిద్ధమయ్యాడు. అక్కకు పోవడం ఇష్టం లేదు. ఊరు కాని ఊళ్లో, ఆ కాలితో, వదిన మీద ఆధారపడి ఒక గదిలో పడి ఉండాలి. ఆమె కోరింది ఒక్కటే. తన కోటకొమ్మ నక్షాను సావుకారి తీసుకుంటే, నక్షాలు గీసే పని తనకు ఇస్తే, ఇక్కడే ఉండిపోతానని. సావుకారి అంటే మా అందరికీ నూలు, పట్టు ఇచ్చి నేయించుకునే పెద్దమనిషి. ఆయన చూద్దామన్నాడు. సాయంత్రానికల్లా కాగితం పంపమన్నాడు.

ముప్పై రెండు వరసల నక్షా అది. అక్క పన్నెండు వరసలు వేసేసరికి ఆమెకు చలిజ్వరం వచ్చింది. గొంగడి కప్పుకుని వణుకుతూ నన్ను పిలిచింది. "జర మిగిలినయి నువ్వు నింపే. నీకు తెల్వంది గాదు గద" అంది. పెద్దవాళ్లెవరూ నాకు అంతవరకు అంత పని చెప్పలేదు. సిరా కలం పట్టుకుని కూర్చుంటే నా అంతదాన్ని నేనే అనిపించింది.

పదమూడో వరస పూర్తయింది. నాలుగు నిండినవి, పన్నెండు ఖాళీ, మళ్లీ నాలుగు, మళ్లీ పన్నెండు. ఎంత ముచ్చటగా ఉందో చూసుకుంటూ కలం ఎత్తాను. టపుక్కున ఒక సిరా చుక్క ఖాళీ గడిలో పడింది.

అక్కను లేపి చెబితే అయిపోయేది. కానీ ఆ కాగితం ఖరీదైనది, ఆమె నిద్రపోతోంది, పైగా నేను గొప్పదాన్ని కదా! మా ఇంట్లో రోజూ వినే మాట ఒకటి గుర్తొచ్చింది. నేతలో ఎక్కడైనా ఒక పోగు తెగిపోతే మా నాన్న తల కూడా ఎత్తకుండా "ఒక్క పోగు ఎవనికి కండ్లవడ్తది" అని ముందుకు పోయేవాడు. నిజమే, మూరెడు బట్టలో ఒక్క పోగును ఎవరు చూస్తారు? తెగిన పోగు తెగినచోటే ఉంటుంది, పక్క పోగును ఏమీ చేయదు. నేనూ నేతగాడి బిడ్డనే. ఆ మరకను మరకలా కనిపించకుండా గడి నాలుగు మూలలా చక్కగా నింపేశాను. ఆ తరవాత దాన్ని నిండిన గడిగానే లెక్కపెట్టి పద్నాలుగో వరసకు కూడికలు చేశాను.

ఆ వరస ఏదో తేడాగా కనిపించింది. మళ్లీ కూడి చూశాను, సరిగ్గానే ఉంది. తరవాతిదీ సరిగ్గానే ఉంది. ప్రతి గడీ దాని పైదానికీ పక్కదానికీ లోబడి ఉంది. నా మనసు కుదుటపడింది. సాయంత్రం వాళ్ల అన్న వచ్చాడు. అక్క కళ్లు తెరవలేక, "ఆ బిడ్డ మంచిగనే ఏసుంటది, తీస్కపో" అంది. ఆమె చూడనైనా లేదు.

సావుకారి ఆ కాగితాన్ని బట్టి జకార్డు అట్టలు, అంటే ఏ పోగు ఎత్తాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు, కొట్టించాడు. వాటిని ఎక్కించింది ఎవరి మగ్గానికో కాదు, మా నాన్న మగ్గానికే. నక్షాను మగ్గం మీద కింది వరస నుంచి నేస్తారు. అంటే ముందుగా పైకి వచ్చింది నేను నింపినదే. ఏమీ లేకుండా నున్నగా మెరవాల్సిన పట్టు అంచు నిండా చుక్కలు, చుక్కలు. నాన్న మగ్గం ఆపి "గిదేంది గిట్ల?" అన్నాడు. సావుకారి వచ్చి చూసి "గిది అంచా, అమ్మవారు వోసిన మొఖమా?" అని అందరి ముందరా అన్నాడు. అట్టలన్నీ దండగ.

అక్కను ఆమె అన్న పట్టుకుని నడిపించుకొచ్చాడు. అంచును ఒక్కసారి చూసింది. తరవాత నన్ను చూసింది. నేను మా అమ్మ కొంగు వెనక ఉన్నాను. "నాదే తప్పు సావుకారి. జ్వరంల కండ్లు తిరిగినయి" అంది. ఆయన చెడ్డవాడేమీ కాదు, "గిట్లయితే గీ పనికి నువ్వు పనికిరావు తల్లీ" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల తరవాత అక్క నన్ను పిలిచింది. తిడుతుందనుకుంటూనే వెళ్లాను. అరుగు మీద సుద్దతో ఎనిమిది వరసల గళ్లు వేసి ఉంచింది. "దీంట్ల ఒక్క తప్పు పెట్టిన. కింది వరస కెల్లి పైకి పొయ్యి దేవులాడు" అంది. కింది వరసలన్నీ చెడినట్టే ఉన్నాయి, కానీ ఏ గడి కూడినా సరిపోతోంది. ఒక్కో వరస పైకి ఎక్కాను. చెడిన చోటు సన్నబడుతూ సన్నబడుతూ ఒక గడి దగ్గరికి వచ్చి ఆగింది. దాని పైన అంతా బాగుంది, దాని ఎడమన అంతా బాగుంది. ఆ గడి మీద వేలు పెట్టాను.

"దొరికిందా?" అని మెల్లగా అంది. "తప్పు గదొక్కటే. కిందియి పాపం సరిగ్గనే కూడినయి, వాటి మీద కోపం లేదు. గని గీ గడి ఒక్కటి తుడుస్తే సాలదే. కిందియన్నీ మల్ల కూడాలె. ఎంత జల్ది తుడుస్తే అంత తక్కువ పని."

తడిగుడ్డ నా చేతికిచ్చి, నా వంక చూడకుండా వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో! చెప్పేద్దామనే అనుకున్నాను. నేను ఆ గడి తుడిచి, "అమ్మ పిలుస్తుందక్కా" అని లేచి వచ్చేశాను. మా అమ్మ పిలవలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

వాళ్లు షోలాపూర్ వెళ్లిపోయారు. నాకు పదిహేనేళ్లప్పుడు ఎవరిదో పెళ్లికి అక్క ఒక్కసారి ఊరికి వచ్చింది. నా గురించి అడిగిందట. నేను స్నేహితురాలి ఇంట్లో రెండు రోజులు దాక్కున్నాను. అంత పిరికిదాన్ని. మరి కొన్నేళ్లకు ఆమె అక్కడే పోయిందని కబురు వచ్చింది. ఏ జబ్బో, ఎవరు దగ్గరున్నారో కూడా తెలియలేదు.

అప్పటి నుంచి నాకు గళ్లు కనిపిస్తే చాలు. దవాఖానలో వరస కోసం నిలబడ్డా, వంటింట్లో బండలు తుడుస్తున్నా, కిటికీ జాలీ వంక చూస్తున్నా, మూల నుంచి కూడడం మొదలుపెడతాను. పదమూడో వరస దగ్గర ఆగిపోతాను. పక్కన ఎవరో వీధిలోకి చూస్తూ కూర్చున్నట్టే ఉంటుంది. తిరిగి చూడను, చూస్తే అడుగుతుందేమోనని భయం. ఈ వయసులో ఇదేం పిచ్చి అని మా ఇంట్లో నవ్వుతారు, నవ్వనీ.

ఇప్పుడు మనవలు ఏదైనా పగలగొట్టినా, అబద్ధమాడినా నేను అరవను. పక్కన కూర్చుని వాళ్ల మొహం వంక చూడకుండా కాసేపు ఊరుకుంటాను. ఏడుస్తూనో ముక్కు చీదుతూనో చెప్పేస్తారు, మరుక్షణం ఆటకు పరుగెత్తిపోతారు. ఎంత సులువుగా అయిపోతుందో! నాకూ అక్క అంత సమయం ఇచ్చింది. నేను తీసుకోలేదు.