ఒక చుట్టు ఎక్కువ

ప్రతి ఉదయం వ్యాను తాళం తిప్పే ముందు ఎలోయ్ నొసటిమీద సిలువ గుర్తు వేసుకుని, ఆ రోజు ఎక్కబోయే పిల్లల పేర్లు ఒక్కొక్కటే మెల్లగా చెప్పుకునేవాడు. మధ్యలో ఒక పేరు తప్పితే మళ్లీ మొదటినుంచీ. గుమాకా ఊళ్లో బడి పిల్లల్ని తీసుకెళ్లే వ్యాన్లు ఇంకా ఉన్నాయి. అయినా తల్లులు ఎలోయ్ బండి కోసమే కాచుకునేవారు.

బడి సెలవుల్లో స్టీరింగు కింద ఏదో టకటకమనడం మొదలైంది. ఎలోయ్ షెడ్డుకు పోలేదు, దాదోను పిలిచాడు. ఎలోయ్ కూతురికి జ్ఞానస్నానంనాడు జ్ఞానతండ్రిగా నిలబడినవాడు దాదో. ఆనాటినుంచీ ఒకరినొకరు ‘పారే’ అనే పిలుచుకుంటారు, పేర్లు మరిచిపోయినట్టు.

పెరట్లో బండి ముందుభాగం ఎత్తి నిలబెట్టారు. దాదో కిందికి దూరాడు.

“పారే, జాయింటు విప్పేశా. స్టీరింగు కదలకుండా తాడుతో కట్టెయ్.”

ఎలోయ్ సీట్లో కూర్చుని తాడు అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి సెపా కొబ్బరిపాలలో ఉడికించిన అరటిపండ్లు, చిలగడదుంపల గిన్నె పట్టుకుని వచ్చింది. వేడి గిన్నెతో గుమ్మంలో నిలబడ్డ మనిషిని కాస్త ఆగమనడం ఆ ఊళ్లో ఎవరికీ చేతకాని పని. తాడు కట్టకుండానే వదిలేసి ఎలోయ్ దిగాడు. కడుపునిండా తిన్నారు. తర్వాత కొత్త ముక్కలు వేసి, స్టీరింగు సూటిగా పెట్టి, అన్నీ బిగించేశారు.

టకటక పోయింది. కానీ బండి స్టార్ట్ చేయగానే ఎదుటి తెరమీద పసుపు అక్షరాలు వెలిగాయి: స్టీరింగ్ సరిచూడండి.

బ్యాటరీ వైరు తీసి మళ్లీ పెట్టారు. ఫ్యూజు మార్చారు. వైర్ల కొసలన్నీ తుడిచారు. ఖాళీ మైదానంలో తిప్పి తెచ్చారు. అక్షరాలు పోలేదు.

“జాయింటు మళ్లీ విప్పి చూద్దాం పారే,” అన్నాడు దాదో.

అప్పటికే నలుగురైదుగురు తల్లులు గేటు దగ్గర చేరారు. సోమవారం బడి తెరుస్తున్నారు, బండి వస్తుందా రాదా అని వాళ్ల బెంగ. ఆ చూపులు ఎలోయ్ వీపున గుచ్చుకున్నాయి.

“విప్పడం నీకు బాగానే వచ్చు. బిగించడమే రాదు!” అన్నాడు గట్టిగా.

ఎవరో కిసుక్కుమన్నారు. దాదో పానాలు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. వెళ్లబోతూ, నేలమీద పడున్న ఎలోయ్ పాత నట్లు ఏరి, పోకుండా కొబ్బరిచిప్పలో వేసి మెట్టుమీద పెట్టాడు.

మర్నాడు ఖాళీ గిన్నె తీసుకెళ్లడానికి వచ్చిన సెపా దగ్గర ఎలోయ్ గోడు వెళ్లబోసుకున్నాడు.

“మన దాదో చూడు అక్కా, ఎంత పని చేశాడో! స్టీరింగు ఎటు తిప్పి బిగించాడో ఏమో.”

“వాడెక్కడ తిప్పాడయ్యా?” అంది సెపా నెమ్మదిగా. “దిగేటప్పుడు నువ్వే కదా దాన్ని పట్టుకుని వేలాడావు. అది గిర్రున తిరిగింది, నువ్వు బోర్లా పడబోయావు. దాదో బండి కింద ఉన్నాడు, వాడు చూడను కూడా లేదు. మనిద్దరం నవ్వుకోలా?”

ఎలోయ్‌కి అంతా గుర్తొచ్చింది. నవ్వుకున్న మాట నిజమే. స్టీరింగు చూడ్డానికి సూటిగానే ఉంది, కానీ ఒక పూర్తి చుట్టు ఎక్కువ తిరిగి కూర్చుంది. దాదో విప్పి చూద్దామన్నది అక్కడే.

ఒక్కడే కిందికి దూరి జాయింటు విప్పాడు. స్టీరింగును ఒక చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ బిగించాడు. బండి స్టార్ట్ చేసి ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పాడు. అక్షరాలు మాయమయ్యాయి. “ప్రభువా!” అన్నాడు గానీ, ఆ పిలుపులో సంతోషం లేదు. బాగైందని చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడు.

పొద్దు వాలకముందే దాదో ఇంటికి వెళ్లాడు. దాదో వాకిట్లో చేపలకు పొలుసు తీస్తున్నాడు. తలెత్తలేదు.

“స్టీరింగు తిప్పింది నేనే పారే,” అన్నాడు ఎలోయ్ గేటు బయటే నిలబడి. “నాకిప్పుడు తెలిసింది. ఆ తల్లులందరికీ నేనే చెబుతా.”

దాదో చేతిలో కత్తి ఆగింది.

“ఒక్క సాయం చెయ్ పారే. జాయింటు నేనొక్కణ్ణే బిగించా. నా చెయ్యిని నేను నమ్మలేకపోతున్నా. నువ్వొచ్చి ఆ నట్టు ఒక్కసారి పట్టి చూడు. నువ్వు చూసేదాకా పిల్లల్ని ఎక్కించుకోను.”