గొంతు పోయినప్పుడు అవ్వకు గీసిన బొమ్మలు

ఒక సోమవారం ఉదయం ఆఫీసులో కొత్తవాళ్ళకు క్లాసు మొదలుపెట్టబోతే నా నోట గాలి తప్ప మాట రాలేదు. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో ట్రైనర్‌ని. రోజంతా మాట్లాడటమే నా ఉద్యోగం. కొన్ని నెలలుగా గొంతు బొంగురుగానే ఉన్నా మిరియాల కషాయంతో నెట్టుకొచ్చాను.

ఇ.ఎన్.టి. డాక్టరమ్మ గొంతులోకి సన్నటి కెమెరా పెట్టి లారింగోస్కోపీ చేసి స్క్రీన్ మీద చూపించారు. మాట పుట్టించే వోకల్ కార్డ్స్ మీద రెండు చిన్న తెల్లటి బుడిపెలు. "నాడ్యూల్స్. క్యాన్సర్ కాదు, భయపడకండి. కానీ కంప్లీట్ వాయిస్ రెస్ట్ కావాలి. గుసగుసలు కూడా వద్దు" అన్నారు.

ఆఫీసుకు ఒక మెయిల్‌తో సరిపోయింది. చిక్కంతా ఇంట్లో వచ్చింది. ఉండేది నేనూ, మా అమ్మను కన్న అవ్వా ఇద్దరమే. అవ్వకు చదువు రాదు. రాసి చూపిస్తే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతికే ఇచ్చేసింది. ఇక లాభం లేదని పొయ్యి, గిన్నె, వంకాయలు గీశాను. మధ్యాహ్నానికి వంకాయ కూర వచ్చింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాలని చెప్పడానికి ఆటోలో మా ఇద్దరినీ గీశాను. అవ్వకు అది నచ్చలేదు.

"ఈ ముసిల్ది నేనేనా? నా ముక్కుపుడకలు ఏవి? రెండు పక్కలా ఉండాయి గదా. బాగా చూడు" అంటూ ఎదురుగా వచ్చి కూర్చుంది. బుద్ధెరిగాక ఆ ముఖాన్ని అంతసేపు చూడటం అదే మొదలు. ఎంత ముద్దుగా ఉందో!

ఆ తర్వాత నేను గీసిన ప్రతి కాగితాన్నీ అన్నం మెతుకులతో బీరువా తలుపుకు అంటించేది. నోరు మూసుకున్నా నీ వాగుడు తగ్గలేదే అని వెక్కిరించేది.

స్పీచ్ థెరపీతో గొంతు వచ్చింది. మళ్ళీ ఆఫీసు, మళ్ళీ అరుపులు. బొమ్మలు మానేశాను. కొన్నాళ్ళకే మాట మళ్ళీ జీరపోయింది.

"సర్జరీ చేయొచ్చు. కానీ ఇలాగే మాట్లాడితే ఆ బుడిపెలు తిరిగి వస్తాయి. ఈ గొంతు కావాలా, ఈ పని కావాలా, ఆలోచించుకోండి" అన్నారు డాక్టరమ్మ.

నాకు తెలిసిన పని అదొక్కటే. ఇంటికొచ్చి ఏడ్చాను. మళ్ళీ మాట్లాడకూడదు కాబట్టి అవ్వకు ఆ సంగతి చెప్పడానికి ఏడుస్తున్న నా బొమ్మే గీసి ఇచ్చాను. అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"నీకు గొంతు వచ్చినప్పటి నుంచీ నాకు బొమ్మే లేదు పాపా. మాటలు ఎవురైనా చెప్తారు. నా మొగం ఇంత బాగా చూసినోళ్ళు ఎవురుండారు?"

ఉద్యోగం మానేశాను. భయం లేదని అబద్ధం చెప్పను. దాచుకున్న డబ్బుతో బొమ్మలు నేర్చుకున్నాను. థెరపీ కొనసాగించాను, సర్జరీ తప్పింది. ఇప్పుడు చందాపురలో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. క్లాసులో తక్కువ మాట్లాడి ఎక్కువ గీస్తాను. పిల్లలకు మొదట నేర్పేది పక్కవాడి ముఖం తీరిగ్గా చూడటమే.

మీ గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే నాలాగా కషాయాలతో కాలం గడపకండి. ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించుకోండి.

నా గొంతు ఇప్పుడు బాగానే ఉంది. అయినా ఆదివారాలు ఇంట్లో నోరు విప్పను. వాయిస్ రెస్ట్ అని అందరికీ చెప్తాను. అవ్వ పొద్దున్నే ముక్కుపుడకలు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.